ఏడో గొర్రెపిల్ల

నలభై ఆరు, నలభై ఎనిమిది, యాభై. షార్షెన్ గుర్రం మీద కూర్చుని, కర్రతో గాల్లో పొడుస్తూ జీవాలను జతలు జతలుగా లెక్కపెడుతున్నాడు. ఒక్కో ఇంటి గేటు తెరుచుకుంటోంది, నాలుగో పదో గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వీధిలోకి వస్తున్నాయి, గేటు మూసుకుంటోంది. యాభై నిండిన ప్రతిసారీ అతను ఎడమ జేబులోంచి ఒక గులకరాయి తీసి కుడి జేబులో వేసుకుంటున్నాడు. పూర్వం ఈ రాళ్ళ అవసరం ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఊరి మంద కాస్తున్నవాడు, రెండు వందల పైచిలుకు జీవాలను ముఖాలు చూసి పోల్చుకోగలడు. రాళ్ళు నెల రోజుల కిందట వచ్చాయి. తన లెక్క మీద తనకే నమ్మకం చెడింది, చెడగొట్టినవాడు బెయిషె.

షార్షెన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. గుర్రం దిగితే కాళ్ళు దొడ్డికాళ్ళు. చలికి బుగ్గలు పగిలి ఎండిన నేలలా ఉంటాయి. ఎడమ కంట్లో ఎప్పుడూ నీరు కారుతుంటుంది, అందుకని ఎవరిని చూసినా ఆ కన్ను సగం మూసి చూస్తాడు. అది జబ్బో, అనుమానమో మా ఊళ్ళో ఎవరూ తేల్చలేదు. గొప్పగా చెప్పుకోడానికి అతని గురించి ఏమీ లేదు. పెళ్ళిళ్ళలో అతన్ని తలుపు దగ్గర కూర్చోబెడతారు, మాంసం పంచేటప్పుడు మంచి ఎముక అతని దాకా రాదు. లెక్క తప్పనివాడు అన్న పేరొక్కటే అతని ఆస్తి.

బెయిషె తన గేటు తనే తెరిచాడు. అరవై ఏడేళ్ళ భారీ మనిషి, తల మీద తెల్ల కంబళి టోపీ, కాళ్ళకు మెత్తటి తోలు బూట్లు, వాటి మీద రబ్బరు జోళ్ళు.

"ఎన్నిరా?"

"పద్దెనిమిది, అన్నా."

"సరిగ్గా చూసుకో. సాయంత్రానికి పదిహేడంటావేమో. నీకు ఒకటి తగ్గడం అలవాటేగా."

"నాకు తగ్గదు. తగ్గేది ఎవరికో వాళ్ళకే తెలుసు."

"శుక్రవారం దాకా చూస్తాను. నమాజయ్యాక వచ్చే ఏడాది కాపరి ఎవరో అందరూ కూర్చుని తేలుస్తారు. ఏడు గొర్రెపిల్లల్లో ఒకటి మర్చిపోయేవాడు మన మందలో ఎన్ని మర్చిపోతాడని నేనడుగుతాను. అడగనా వద్దా?"

షార్షెన్ గుర్రాన్ని అదిలించాడు. వీధి చివరికొచ్చాక గుర్తొచ్చింది, కోపంలో రాయి మార్చడం మర్చిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

సంగతి ఎనిమిదేళ్ళ నాటిది. దట్టంగా మంచు కమ్మిన ఒక సాయంత్రం తోడేళ్ళు మందలో పడి ఏడు గొర్రెలను చంపాయి. తోడేళ్ళకు ఎవరి మీద పగో గాని, ఏడూ బెయిషెవే. పెద్దలు కూర్చుని, షార్షెన్ ఏడాదికొక గొర్రెపిల్ల చొప్పున ఏడేళ్ళు ఇచ్చుకోవాలని చెప్పారు. కాగితం లేదు. మా వైపు గొర్రెపిల్లకు కాగితం రాయించుకోవడమంటే ఎదుటివాడి మొహాన ఉమ్మేసినట్టే. అయితే షార్షెన్ తన జాగ్రత్త తను పడ్డాడు. పిల్లను అప్పగించగానే బెయిషె చాకు తీసి దాని ఎడమ చెవి కొన కోసి తన ఇంటి గుర్తు పెడతాడు. కింద పడ్డ ఆ చెవి ముక్కను షార్షెన్ తీసుకుని, ఎండబెట్టి, ఖాళీ పొగాకు డబ్బాలో వేసి దొడ్లో దూలం మీద దాచేవాడు. గోరంత ముక్కలు. డబ్బా ఊపితే గలగలమనేవి.

కిందటి శరదృతువుతో ఏడూ తీరాయని షార్షెన్ ఊపిరి పీల్చుకున్నాడు. నెల కిందట బెయిషె కబురు పంపాడు, "ఆరే వచ్చాయి, ఏడోది ఎప్పుడు తెస్తావు?" అని. షార్షెన్ నవ్వుకుంటూ నిచ్చెనెక్కి దూలం మీద తడిమాడు. డబ్బా లేదు.

ఆ రోజు నుంచి అతనికి కంటికి కనిపించిన ప్రతి ప్రాణీ దొంగే. మొదట భార్య జిపార్‌ని నిలదీశాడు, వసంతంలో పండక్కి దొడ్డి దులిపింది ఆమే కనుక. "నీ చెవి ముక్కలు నేనేం చేసుకుంటానయ్యా, చారు కాచుకుంటానా?" అందామె. తర్వాత కుక్క మీదికి పోయింది మనసు. ఎండు చెవులంటే కుక్కకు పండగ, కాని నిచ్చెనెక్కే కుక్కను ఇంతవరకూ చూడలేదు. చివరికి అసలైన అనుమానం దొరికింది. ఆ వేసవి మొదట్లో బెయిషె టీకి వచ్చి, జబ్బు పొట్టేలును చూస్తానని దొడ్లోకి వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. రెండు గిన్నెల టీ చల్లారేదాకా రాలేదు. పొట్టేలును చూడ్డానికి అంతసేపెందుకు? ఆ ప్రశ్న షార్షెన్ పక్కలో చేరి పడుకుంది, తెల్లారితే అతనితో పాటే లేచింది.

ఊరి వెనక వాలులో గడ్డి అప్పటికే గోధుమరంగుకి తిరిగింది. నారిన్ నది మీదుగా గాలి కోసేస్తోంది. పై కొండల మీద మంచు నిన్నటికంటే ఒక మెట్టు కిందికి దిగింది. మధ్యాహ్నం షార్షెన్ రాతి చాటున కూర్చుని రొట్టె విరిచాడు. ఉప్పు పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని కుక్కకు రొట్టెముక్క విసిరాడు, సగం కన్నుతో దాన్ని చూస్తూనే. తర్వాత లేచి, బెయిషె జీవాల మధ్య తిరుగుతూ తనిచ్చిన వాటిని ఒక్కొక్కటే పట్టుకుని చెవి చూశాడు. డబ్బా పోతే పోయింది, సాక్షులు నాలుగు కాళ్ళ మీద తిరుగుతున్నాయి కదా అనుకున్నాడు.

బొల్లిది ఉంది, మొదటి ఏడాది ఇచ్చింది. ఇప్పుడు ముసలిది, పళ్ళు ఊడాయి. దాన్ని అప్పగించిన రోజు జిపార్ వంటింట్లో తలుపేసుకుని ఏడ్చింది. కవలల్లో ఒకటి ఉంది. వంకర ముక్కుదాన్ని బెయిషె సంతలో అమ్మాడు, ఊరంతా ఎరుగుదురు. కర్రిది, చారలది ఉన్నాయి. కిందటేడాది పిల్ల ఉంది, దాని చెవి కోసినప్పుడు తన చేతికంటిన నెత్తురు కూడా గుర్తుంది. ఆరు. మిగిలింది ఎర్రమెడ పిల్ల, నాలుగో ఏడాదిది. దాన్ని బెయిషె ఉంచుకోలేదు, అమ్మలేదు. అది బెయిషె తల్లి దినం నాడు కోతకు పోయింది. ఆ రోజు పొద్దున్నే తనే దాన్ని భుజాల మీద మోసుకెళ్ళాడు.

మరి ఆ చెవి ముక్క?

షార్షెన్ కర్రిదాని చెవి పట్టుకునే ఆగిపోయాడు. ఎర్రమెడ పిల్లకు చెవి కోయలేదు. మధ్యాహ్నానికి గిన్నెలోకి వెళ్ళే జీవానికి ఎవరు గుర్తు పెడతారు? డబ్బాలో ఏనాడూ ఏడు ముక్కలు లేవు. ఆరే. ఈ నెల రోజులూ అందరినీ అనుమానిస్తూ వెతికిన ఆ డబ్బా దొరికి ఉంటే, ఊరందరి ముందూ బెయిషె తరఫునే సాక్ష్యం చెప్పేది.

అతను నెమ్మదిగా గడ్డిలో కూర్చున్నాడు. ఆ రోజు గేటు దగ్గర తనేమన్నాడు? దినం జరిగే ఇంటికి జీవాన్ని తెచ్చినవాడు "ఆమెకు స్వర్గం దొరకాలి" అంటాడు. తనూ అదే అని ఉంటాడు. శోకాలు పెడుతున్న ఇంట్లో నిలబడి "ఇదుగో ఈ ఏడాది బాకీ" అనడానికి నోరెలా వస్తుంది? బాకీ తీరిందని తను అనుకుంటూ వచ్చేశాడు. సాయం తెచ్చాడని బెయిషె అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు. ఈ మాట తట్టగానే షార్షెన్‌కి తేలిక పడాల్సింది పోయి సిగ్గేసింది. వెంటనే ఇంకో అనుమానం కూడా పుట్టింది. ఆ ముసలాయనకి ఇది ముందే తెలిసి, కావాలనే ఊరుకున్నాడేమో?

సాయంత్రం గేటు దగ్గరే సూటిగా అడగాలనుకున్నాడు. "అన్నా, మీ అమ్మ దినం నాడు నేను తెచ్చింది దేని కింద రాసుకున్నావు?" దారంతా ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ మందను దించాడు.

బెయిషె గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. వాకిట్లో మగవాళ్ళు గుడారానికి కర్రలు మోస్తున్నారు. మా వైపు వేసవి పోయాక వాకిట్లో గుడారం వేయడానికి ఒకటే కారణం. లోపల ఆడవాళ్ళ శోకం వినపడుతోంది. బెయిషె గొర్రెలకు ఇవేమీ పట్టలేదు, రోజూలాగే మందలోంచి విడిపోయి, జనం కాళ్ళ మధ్య నుంచి దొడ్డిలోకి దూరిపోయాయి.

షార్షెన్ గుర్రం దిగి, కర్ర మీద బరువు వేసి వంగి, రివాజు ప్రకారం "అయ్యో అన్నా, నా అన్నా" అని గొంతెత్తి ఏడుస్తూ లోపలికి నడిచాడు. రివాజుగా మొదలుపెట్టిన ఏడుపు సగంలో నిజమైంది. అతనికే ఆశ్చర్యం వేసింది.

బెయిషె కొడుకు ఎర్మెక్ ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. షార్షెన్ నోట మొదట వచ్చిన మాట, "పద్దెనిమిది. చూసుకో, బాబూ."

బెయిషె భార్య బురుల్ మెట్టు పక్కన గోడకానుకుని ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెకు నల్లగుడ్డ కప్పుతున్నారు.

"ఎలా జరిగింది వదినా?"

"ఏం చెప్పనయ్యా. పొద్దున నువ్వెళ్ళాక టీ తాగుతూ అడిగాడు, అమ్మ దినం నాడు షార్షెన్ ఏమన్నా తెచ్చాడా అని. నాకేం గుర్తు? ఆ రోజు పదకొండు జీవాలొచ్చాయి. మధ్యాహ్నం, మేత దగ్గరికి పోయి వాణ్ణే అడుగుతానని లేచాడు. ఇక్కడే కూర్చుని కుడి జోడు వేసుకున్నాడు. రెండోదానికి వంగాడు. వంగినవాడు లేవలేదు."

షార్షెన్ గొంతు తగ్గించాడు. "ఏ గొంతుతో అన్నాడు వదినా? కోపంగానా?"

"ఎప్పుడూ అనేట్టే అన్నాడు."

ఎర్మెక్ అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "బాబాయ్, రేపు జనాజా ముందు నేను జనాన్ని అడగాలి, నాన్నకి ఎవరు బాకీ, నాన్న ఎవరికి బాకీ అని. మీ సంగతి నాకు తెలీదు. మీరు లేదంటే లేదనే చెప్తాను."

లేదు అంటే చాలు. నెల రోజులు నిద్ర చెడగొట్టుకున్నది ఈ ఒక్క మాట గెలవడానికే. ఇప్పుడు కాదనేవాడు లేడు. గెలుపు చేతికందాక దాన్ని ఏం చేసుకోవాలో షార్షెన్‌కి తోచలేదు. "వస్తానుండు," అని మిగతా మందను ఇళ్ళకు చేర్చి తన ఇంటికి వెళ్ళాడు.

ఈ ఏడాదికి వాళ్ళకున్నది ఒక్కటే గొర్రెపిల్ల. దాన్ని భుజాల మీదికెత్తుకుంటుంటే జిపార్ అడ్డం వచ్చింది.

"ఎక్కడికి? సాయం కిందైతే దుప్పటి ఉంది, అది పట్టుకెళ్దాం."

"బాకీ."

"ఇచ్చేశానని నెల నుంచి నా బుర్ర తిన్నావుగా!"

"అది వాళ్ళమ్మకిచ్చాను," అన్నాడు షార్షెన్. జిపార్ పక్కకు తప్పుకుంది.

గుడారం దగ్గర మగవాళ్ళందరూ వింటుండగా అతను పిల్లను దించాడు. "ఎర్మెక్, ఇది ఏడోది. బాకీ. మీ నానమ్మ దినం నాడు తెచ్చింది మీ నానమ్మకే. ఇప్పుడు దీని చెవి కొయ్యి."

"రేపు కోసేదానికి చెవి దేనికి బాబాయ్?"

"నువ్వు కొయ్యి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఎర్మెక్ తండ్రి చాకుతో ఎడమ చెవి కొన కోసి, ముక్కను అతని అరచేతిలో పెట్టాడు. షార్షెన్ దాన్ని సగం కన్నుతో చూసుకుని, కుడి జేబులో గులకరాళ్ళ మధ్య వేసుకున్నాడు.

"మీ నాన్నకి సాయం కింద ఇవ్వడానికి ఇంక నా దగ్గర జీవం లేదు. పొద్దున్నే గోరీ తవ్వడానికి వస్తాను," అన్నాడు.

వెళ్ళేముందు మెట్టు దగ్గర ఆగాడు. ఒప్పుకోడానికి బయల్దేరావా అన్నా, ఇంకో రెండు మాటలు అనడానికా? జీవితమంతా ఇక ఈ అనుమానం తనతోనే మందకొస్తుందని అతనికి తెలుసు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాటుకుంటూ నడుస్తున్న ఆ మెట్టు మీద, ఎడమ కాలి రబ్బరు జోడు ఇంకా అలాగే ఉంది, ముందు భాగం గేటు వైపుకి తిరిగి.