ఎండలో గంట

పొద్దున్నే తడి చెంపకి తగలగానే ముసలి సరంగుకి ప్రాణం లేచొచ్చింది. పొగమంచు! పడవవాళ్ళంతా మంచుని తిట్టుకుంటారు గానీ, ఆయన లెక్క వేరు. ఆర్నెల్లుగా ఆయన కళ్ళకి ఎండైనా మంచైనా ఒకటే తెలుపు. పొరలు కమ్మాయి. ఆ ముక్క కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు మహానుభావుడు! చెబితే మర్నాడే పడవ అల్లుడి చేతికి పోతుంది. నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడు గడపలో కూర్చుని ఈగలు తోలుకోవడమా? అంతకన్నా చావు నయం అనుకున్నాడు.

కానీ కూతురు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పోయిన వారం పడవ రేవు గట్టుకి గీసుకున్నప్పటినుంచీ దానికి అనుమానం. తెరచాపలు కుట్టడం దాని పని. "పక్క రేవులో ఒక చాప ఇచ్చి రావాలి, నేనూ వస్తా నాన్నా" అంటూ ఎక్కింది. జలుబు చేస్తుందని ఆయన తలకీ చెంపలకీ మెడకీ మఫ్లర్ చుట్టబెట్టింది కూడా. చాప ఒక వంక అనీ, తనని పరీక్షించడానికే వస్తోందనీ ఆయనకి తెలుసు.

గాలి మెల్లగా ఉంది. చుక్కాని చంకలో ఇరికించుకుని సరంగు తాడు కట్టిన సీసపు గుండు నీళ్ళలోకి వదిలాడు. నేల మట్టి అంటుకొచ్చేలా దాని అడుగు గుంటలో ముందే సబ్బు మెత్తి పెట్టాడు. తాడు ముళ్ళు వేళ్ళతో లెక్కపెట్టి, నాలుగు బారల లోతు అన్నాడు. పైకి లాగి, సబ్బుకి అంటుకున్నది నాలుక మీద వేసుకున్నాడు.

"సన్న ఇసుక, బురద వాసన. వాగు నోటికొచ్చాం."

వందదాకా లెక్కపెట్టి గంట కొట్టాడు. మంచులో అది పద్ధతి, ఎదురు పడవ గుద్దుకోకుండా. మళ్ళీ గుండు వేశాడు. ఈసారి గవ్వ ముక్కలు! బండల దగ్గరికొచ్చేశామని చుక్కాని తిప్పాడు. పక్కనే అల బండకి కొట్టుకున్న చప్పుడు. కూతురు పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

"నీకు కనిపిస్తోందా నాన్నా?"

"నీకు కనిపిస్తోందా?"

"నా చెయ్యే నాకు కనబడట్లేదు!"

"మరి నన్నడుగుతావేం?"

కూతురు నవ్వేసింది. "ఊరికే హడలిపోయాం. నువ్వింకో పదేళ్ళు నడుపుతావ్!"

అమ్మయ్య అనుకున్నాడు సరంగు. మీసం మెలేశాడు. హుషారొచ్చి గుండు వేశాడు, గంట కొట్టాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ కొట్టాడు. కూతురు మాట్లాడటం మానేసిందని ఆయన గమనించలేదు.

"ఏం బాబాయ్!" పక్కనించి ఎవరిదో గొంతు. "ఎండ ఫెళ్ళున కాస్తుంటే గంటెందుకు? చేపల్ని లేపుతున్నావా?"

సరంగు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"గంటకి కొత్త తాడు కట్టాం అన్నయ్యా, బిగువు చూస్తున్నాం!" అని అరిచింది కూతురు. ఆ పడవ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

సరంగు మఫ్లర్ లాగేశాడు. మెడ మీద ఎండ సుర్రుమంది.

"ఎంతసేపయింది మంచు విడిచి?"

"నువ్వు మూడుసార్లు గంట కొట్టావ్."

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పను నాన్నా?" అంది కూతురు. "ఎంతకాలంగా?"

"ఆర్నెల్లు," అన్నాడు. చుక్కాని వదిలేశాడు. "అల్లుణ్ణి తీసుకోమను. నా పనైపోయింది." అన్నాక ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కూతురు వెనక్కొచ్చి చుక్కాని పట్టుకుంది.

"నీ అల్లుడికి ఎండలోనే వాగు నోరెక్కడో తెలీదు, మంచులోనా! రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం. అందాకా నువ్వు ఒంటరిగా పడవెక్కడానికి వీల్లేదు. నేనొస్తా."

"డాక్టరు లాభం లేదంటే?"

తెరచాప ఒకసారి టపటపలాడింది. కూతురు దాన్ని సరిచేసి, "అయితే ఇదంతా నాకు నేర్పాలి" అంది.

సరంగు కళ్ళు తుడుచుకున్నాడు. గుండు నీళ్ళలోకి వదిలాడు, ముళ్ళు లెక్కపెట్టాడు, పైకి లాగాడు. సబ్బు మీద అంటుకున్నది గోటితో తీసి, గొంతు వినబడిన వైపు చాపాడు.

"నాలుక పెట్టు."

"థూ! ఉప్పు!"

"ఉప్పు ఎవరికైనా తెలుస్తుంది," అన్నాడు సరంగు. "ఇంకేం తగిలిందో చెప్పు."