చిడతల మువ్వల కోసం అయిదు ఫిల్టర్లు

నేను ఒక పిరికి పెట్టెను. అంకెలుగా దాచిన పాటను మళ్ళీ శబ్దంగా మార్చడం నా పని. ఆ అంకెల మధ్య ఖాళీలను ఎలా పూడ్చాలో చెప్పే ఫిల్టర్లు నాలో అయిదున్నాయి. ఒకటి మహా పదును, కానీ తాళం దెబ్బ పడకముందే సన్నగా వణుకుతుంది. ఇంకొకటి వణకదు, పైస్వరాల అంచును మాత్రం కాస్త మెత్తబరుస్తుంది. తేడా వెంట్రుకవాసి. దానికోసం మనుషులు పడే తగవులు కొండంత.

ఫ్యాక్టరీ నుంచి మొదట విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు ఇంటికి చేరాను. ఆయన వచ్చినవాళ్ళందరికీ ఫిల్టర్లు మార్చి మార్చి వినిపించేవాడు. వాళ్ళు కాఫీ తాగిన మొహమాటానికి "ఆహా, తేడా తెలుస్తోందండీ" అనేవారు. మోజు తీరాక నన్ను విజయనగరంలో సన్యాసిరావుకు అమ్మేశాడు.

సన్యాసిరావు ఇంట్లోనే రికార్డింగు గది పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ పాటలు సరిచేసి బతుకుతున్నాడు. వాళ్ళక్క హైమవతి హరికథలు చెబుతుంది. ఆవిడ కథ రికార్డు చేసిన రోజే నాకు దడ పట్టుకుంది.

"చిడతల మువ్వలు మోగనేదు. ఈ ఫిల్టరే మింగేస్తంది" అని గొణుక్కుంటూ అతను అయిదూ మార్చాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. మళ్ళీ మార్చాడు. నేను మువ్వల్ని పంపుతూనే ఉన్నాను, అవి ఘల్లుమంటూనే ఉన్నాయి. అతనికే అందడం లేదు. చెవుల మీద బతికేవాడికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పడానికి నాకు నోరెక్కడిది? తప్పు నాదే కావాలని, లోపల ఏ తీగో తెగి ఉండాలని కోరుకున్నాను. పాత సామాన్లవాడికి వేసేసినా సరే అనుకున్నాను.

మర్నాడు హైమవతి వచ్చి, పక్కన కూర్చుని వింది.

"బాగానే మోగుతున్నాయి కదరా!"

"నేదక్కా. ఈ పెట్టి పాడైపోనాది. వేరేది కొంటాను."

ఆవిడ తమ్ముడి ముఖం వంక చాలాసేపు చూసింది. నా శబ్దం పూర్తిగా తగ్గించేసి, సంచిలోంచి చిడతలు తీసింది.

"కళ్ళు మూసుకో. ఈ పెట్టి లేకండా విను" అంది.

అతను బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. హైమవతి అతని వెనక నిలబడి, చెక్కలు తగలకుండా, మువ్వలు మాత్రమే కదిలేలా అతని చెవి పక్కన చిడతలు ఆడించింది. గదంతా మువ్వల చప్పుడే. ఒక్కసారి తల తిప్పవయ్యా అని లోలోపల మొత్తుకున్నాను.

"ఇంక వాయించక్కా, వింటన్నాను" అన్నాడు సన్యాసిరావు.

నా తప్పేమీ లేదని తేలిపోయింది. తేలకుండా ఉంటే ఎంత బాగుండేదో. హైమవతి కళ్ళు తుడుచుకోలేదు, చిడతలూ ఆపలేదు.