బీడీ కోసం తెరిచిన కొలిమి

ఇటు జరిగి కూర్చోండి, ఫ్యాను మోతలో నా మాట వినబడదు. నకరికల్లు దగ్గర అల్యూమినియం కొలిమిలో పనిచేసే పద్మజ సంగతి చెబుతాను.

పాత గిన్నెలు, మోటారు తొడుగులు కరిగించి దిమ్మలు పోసే చోటు అది. ఓనరు బ్రహ్మయ్య. కొలిమి మేస్త్రీ ఆరోగ్యస్వామి. పద్మజది తుక్కు ఏరే పని. గోడ అవతలే సరస్వతమ్మ మిరపకాయల కల్లం. ఆ మాఘమాసంలో కొలిమి మసి ఆమె కాయల మీద పడింది. నల్లబడ్డ కాయను మిర్చి యార్డులో ఎవరు కొంటారు? ఆమె కాలుష్యం ఆఫీసులో అర్జీ పెట్టింది. నెలలో పొగ తగ్గకపోతే తాళం వేస్తామని ఆఫీసు వాళ్లు కాగితం ఇచ్చారు. తాళం పడితే పద్మజతో కలిపి పదకొండు మందికి పని పోయినట్టే.

"పొగ గొట్టం ఇంకో పదడుగులు లేపుదాం," అన్నాడు బ్రహ్మయ్య.

"లేపితే సరస్వతత్తను దాటి అవతలోళ్ల కల్లంలో పడుద్ది. అప్పుడు రెండు అర్జీలొస్తయ్ అన్నా," అంది పద్మజ.

"మరేం చేద్దామంటావే?"

"ఒక్కరోజు చూసి చెబుతా."

మర్నాడు తుక్కు ఏరుతూనే, కొలిమి తలుపు తెరిచినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. సాయంత్రానికి నలభై మూడు. పని కోసం తెరిచింది పన్నెండు సార్లే. మిగతావన్నీ ఆరోగ్యస్వామి బీడీ ముట్టించుకోవడానికి. తెరిచినప్పుడల్లా చల్లగాలి దూరి వేడి తగ్గుతుంది. ఆరోగ్యస్వామి కొలిమిని మండించే ఆయిలు పెంచుతాడు. అది సరిగా మండక నల్లటి పొగై గొట్టం ఎక్కుతుంది.

"ఏంది బాబాయ్, ఇంత కొలిమి నీకు అగ్గిపెట్టా?"

"ముప్పయ్యేళ్ల అలవాటమ్మాయ్. కొలిమి నిప్పుతో ముట్టిస్తేనే బీడీకి రుచి."

"ఆ రుచి సరస్వతత్త కాయలకి కూడా పట్టింది. కొనేవాడే లేడు."

అందరూ నవ్వారు. ఆరోగ్యస్వామి నవ్వలేదు గానీ, బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

పద్మజ అంతటితో ఊరుకోలేదు. తుక్కుకున్న నూనె జిడ్డు తుడిపించింది. గొట్టం పక్కన ఇనుప జాలీ కట్టించి, తుక్కు దాని మీద వేడెక్కాకే కొలిమిలో వేయించింది. వేడి తుక్కు ఇట్టే కరిగింది. నాలుగు రోజులకు ఖాళీ అయ్యే ఆయిలు డ్రమ్ము ఐదో రోజు సాయంత్రం దాకా వచ్చింది. గొట్టం మాట బ్రహ్మయ్య మళ్లీ ఎత్తలేదు.

గడువుకు రెండు రోజుల ముందు పద్మజ సరస్వతమ్మ కల్లానికి వెళ్లి, కాయల మీద తెల్ల పంచె పరిచింది. పొద్దంతా కొలిమి నడిచింది. పొద్దు వాలాక సరస్వతమ్మ పంచె మీద బొటనవేలితో రుద్ది చూసింది.

"దుమ్ముంది. మసి లేదు."

"దుమ్ము మాది కాదత్తా. రోడ్డు మీద పెట్టుకో అర్జీ."

"నీ నోరు పాడుగాను. ఎల్లుండి ఆఫీసోళ్లొస్తే ఇదే పంచె చూపిస్తాలే. కాయలు మూటలు కట్టేదాకా రోజూ పరుస్తా, చూసుకో."

"పరుచుకో. నాకేం భయం?" అంది పద్మజ.

ఆఫీసు వాళ్లు వచ్చారు, చూశారు, తాళం జీపులోనే పెట్టుకుని వెళ్లారు. ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, పట్నం నుంచి ఎవరో ఇంజనీరు వచ్చి బాగుచేశాడని అనకండి. పద్మజ అని పేరు పెట్టి చెప్పండి.