వాగు లేని పటం

ఊరి పటం గీసి, అందులో వాగునే మరిచిపోయిన పెద్దమనుషులారా, ఇన్నేళ్లూ మీ గొంతుల్లో దిగిన నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయనుకున్నారు?

ఆ పటం గీసిన నేలని అలికింది కుంజలతే. బ్లాకు ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడు, పురాణం చావడి ముందు అద్దంలా ఉండాలని మామ హాడిబంధు పొద్దున్నే కేకేశాడు. అసలే మార్గశిర గురువారం. గడపల్లో లక్ష్మీపాదాలు వెయ్యడానికి బియ్యం రుబ్బాలి. వాగుకి మూడుసార్లు పోయి రావాలి. పేడలో కలిపిన నీళ్లు కూడా ఆమె మోసినవే. అలికాక మామ అన్న మాట ఒక్కటే. "ఇంకా తడిగానే ఉందేంటి కోడలా? పెద్దలు ఎక్కడ కూచోవాలి?"

నేల ఆరాక, వచ్చిన ఆఫీసరు ఊరి పటం నేల మీదే గియ్యమంటే, మగవాళ్లు సున్నమూ ఇటుకపొడీ పట్టుకుని కూచున్నారు. చావడి వేశారు, గుడి వేశారు, ఇళ్లు వేశారు, రోడ్డు వేశారు. ఒకడు తన మోటారు సైకిలు నిలిపే చోటు కూడా వేశాడు. ఊరికి బోరింగు వస్తోంది. రెండు చోట్ల నీళ్లు పడతాయని ముందే తేల్చారు. చావడి ముందు ఒకటి, కింది వీధి చివర పనస చెట్టు దగ్గర ఒకటి. వేసేది మాత్రం ఒకటే. ఎక్కడో ఊరే చెప్పాలి. పటంలో చావడి ముందు అప్పటికే పుల్ల గుచ్చేశారు.

ఎదురింటి గుమ్మంలోంచి ఆ పుల్లని చూసి కుంజలత ఉసూరుమంది. చావడి అరుగు మీద పెద్దలున్నంతసేపూ కోడళ్లు అటు అడుగు పెట్టకూడదు. పెద్దలు పొద్దున ఎక్కితే భోజనానికి దిగుతారు, మళ్లీ ఎక్కితే దీపాలవేళకి దిగుతారు. అంటే ఆ బోరింగు మామలు కాళ్లు కడుక్కోవడానికి! తనకి మళ్లీ వాగే, మళ్లీ ఆ రాళ్ల ఎక్కుడే. పెళ్లై పదకొండేళ్లు. మెడ ఎడంపక్కకి తిరగడం మానేసి రెండేళ్లు. ఆ మాట చెబితే మొగుడు దుర్యోధన్ "ఎడంపక్క చూసేదేముందే, నేను కుడిపక్కనే పడుకుంటాగా" అని నవ్వాడు. ఆ రోజు తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండింది.

"మరి ఇప్పుడు నీళ్లెక్కణ్ణించి తెచ్చుకుంటున్నారు?" ఆఫీసరు పటమంతా వెతికి అడిగాడు.

"నీళ్లకేం బాబూ," హాడిబంధు ధీమాగా అన్నాడు, "ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి."

గుమ్మంలో ఆడవాళ్లెవరో కిసుక్కుమన్నారు. కుంజలత నవ్వలేదు. ముసుగు లాక్కుని, పిండిగిన్నె పట్టుకుని, పెద్దలు చూస్తుండగానే వచ్చి పటం మధ్య గొంతుక్కూచుంది.

"ఏయ్, ఎక్కడికే!" దుర్యోధన్ అరిచాడు.

"గురువారం కదా. పాదాలు వెయ్యాలి."

గురువారం పాదాలు వేసే ఆడదాన్ని ఆపే మొనగాడు ఆ ఊళ్లో లేడు. పిడికిలి పిండిలో ముంచి అద్దింది, వేలికొసతో అయిదు చుక్కలు పెట్టింది. పటంలో తన గడప నుంచి కింది వీధి, పనస చెట్టు, అక్కణ్ణించి పటం దాటి వట్టి నేల మీదికి. అక్కడ అడ్డంగా తెల్లటి గీత లాగింది. "ఇదీ వాగు." మళ్లీ వెనక్కి. మళ్లీ వాగుకి. మళ్లీ వెనక్కి.

మామగారి వదిన తిలోత్తమ వచ్చి పక్కన కూలబడింది. "నావి కాస్త వంకరగా వెయ్యి తల్లీ. మోకాళ్లు పోయాయి."

ఇక మిగతావాళ్లూ ఆగలేదు. ప్రతి గడప నుంచీ పాదాలు బయల్దేరాయి. అన్నీ పనస చెట్టు దగ్గర కలిసి, అక్కడ నేల కనపడనంత తెల్లబడింది.

"చాల్లే మీ ఆటలు! తుడవండి!" హాడిబంధు లేచాడు. లేచినవాడు ఆగిపోయాడు. ఎటు అడుగేసినా లక్ష్మీపాదాలే. ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు.

"తొక్కు మరిదీ," తిలోత్తమ నింపాదిగా అంది. "లక్ష్మి అలిగి పోతే వాగు దగ్గరే ఉంటుందిలే. రోజూ మేం కలుస్తాం."

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. మామ వైపు కాదు, కుంజలత వైపు చూసి అడిగాడు. "ఎక్కడమ్మా?"

చావడి ముందు పుల్ల పీకి, పనస చెట్టు దగ్గర గుచ్చింది. "ఇక్కడ. ఇప్పుడే కాయితం మీద రాయండి. మా వేలిముద్రలు ముందు."

రాశాడు. పదకొండేళ్లుగా మెడ మీద కూచున్నదేదో దిగినట్టయింది. మెడ తిరగలేదు, అది వేరే సంగతి. చావడి అరుగు అంచున కూచుని కాళ్లు బారజాపింది. ఎవరూ లెమ్మనలేదు.

"ఇంక పద, ఆకలేస్తోంది. పఖాళ చద్దన్నం పెట్టు," అన్నాడు దుర్యోధన్. గొంతు తగ్గింది గానీ మాట మారలేదు.

"చద్దిలోకి నీళ్లు లేవు," అంది కుంజలత. "బోరింగుకి ఇంకా నెల పడుతుందట. ఈ నెల నీదే. బిందె గుమ్మంలో ఉంది, దారి పటంలో ఉంది. లే, ఇప్పుడే పో. పాదాలు తొక్కకుండా పక్కనుంచి నడువు."