ప్రవక్త నోటి పేడ

హీబ్రూ లేఖనాల ఇంగ్లీషు అనువాదాన్ని బాగుచెయ్యడానికి కూర్చున్న ఏడుగురిలో హీబ్రూ పుస్తకం తెరిచేది ఒక్క నిఘంటువమ్మే. వెటకారంగా ఆ పేరు పెట్టింది ఆమె సొంత అన్నయ్య, ఆ ఏడుగురి సంఘానికి అధ్యక్షుడు. మిగతావాళ్లు పాత ఇంగ్లీషు అనువాదాలు అయిదు బల్లమీద పరుచుకుని, చెవికి ఏది ఇంపుగా ఉంటే దానికి చెయ్యెత్తేవారు. మూలం మాట ఎత్తితే ఆవలించేవారు. బట్టల కొట్లో గుడ్డ నలిపి చూసే బేరం ఇంతకన్నా నయమని ఆమెకు ఒళ్లు మండిపోయేది.

మర్నాడు పుస్తకం అచ్చుకు వెళ్లాలి. మిగిలింది ఒక్క వాక్యం. కుంటివీ గుడ్డివీ అయిన పశువుల్ని బలికి తెచ్చిన యాజకుల మీద ప్రవక్త మండిపడే చోటు అది. ఆ పశువుల పేడే మీ ముఖాలకు పులుముతానని దేవుడి మాటగా అంటాడు. సంఘం ఇదివరకు వేసిన పాత ప్రతిలో పేడ అనకుండా ‘వేస్ట్’ అని ఉంది. దాన్ని పేడ అని తెలిసేలా ‘డంగ్’ అని దిద్దాల్సిందేనని ఆమె పట్టుబట్టింది.

“పిల్లల ముందు చదువుకునే పుస్తకం చెల్లాయ్. కాస్త మర్యాదగా ఉండనీ,” అన్నాడు అన్నయ్య.

“ఆయన అసహ్యం పుట్టి అన్నాడన్నయ్యా. మీరేమో అత్తరు పూసి పంపిస్తున్నారు.”

కోశాధికారి నవ్వి టీ జుర్రాడు. ఆమె హీబ్రూ పుస్తకం టప్పున మూసింది. ఇంత పిరికిపనికి ఒడిగట్టిన మహానుభావుడెవరో ఇప్పుడే తేల్చమంది. మార్చిన ప్రతి మాటకూ ఒక చీటీ, దాని మీద కారణం, సంతకం ఉండటం ఆ సంఘం పద్ధతి. గుమాస్తా సొరుగు లాగి వెతికి, దొరికిన చీటీని పైకి చదవకుండా ఆమె చేతికే ఇచ్చాడు.

ఇరవయ్యారేళ్ల నాటిది. ‘డంగ్ బదులు వేస్ట్. కారణం: పెద్దలకు రుచించదు.’ ఆ గుండ్రటి అక్షరాలు తనవే. సంఘంలో చేరిన కొత్తలో, అన్నయ్య మెప్పు కోసం, ఎవరూ అడక్కముందే రాసిచ్చి మరిచిపోయింది. కంచే చేను మేసింది. తన చేతిని చూసుకుంటేనే రోత పుట్టిందామెకు.

అన్నయ్య మెల్లగా చెయ్యి చాపి, పోనిద్దాం, చీటీ ఇటివ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. అందరికీ వినబడేలా చదివి, ‘డంగ్’ మీద ఓటు పెట్టమంది. లేచింది ఒక్క ఆమె చెయ్యే.

ఓడిన సవరణకైనా చీటీ రాయాల్సిందే. గుమాస్తా కలం పట్టుకుని కారణం అడిగాడు.

“అప్పుడు నేను భయపడ్డాను. అదే రాయి బాబూ,” అంది.

కింద సంతకం పెట్టి, పాత చీటీకి గుచ్చి, తన చేత్తోనే సొరుగులో వేసింది.