దుర్భిణికి బొట్టు

పగటి షిఫ్టు ముగించుకుని పాప్పాత్తి ఇంట్లో అడుగుపెట్టేసరికి, పీట మీద పూలు చుట్టించుకుని దర్జాగా కూర్చుని ఉంది కరుప్పుసామి గారి దుర్భిణి. దాని పెద్ద అద్దాలు రెండింటి మీదా గంధం, గంధం మీద కుంకుమ. అప్పటికే ఎండిపోయాయి కూడా.

"ఏం పని చేస్తిరి అత్తా ఇది?"

"ఏముందే? కొత్త మిషను ఇంటికొస్తే బొట్టు పెట్టద్దా? ఆయుధ పూజకి మీ మిల్లులో పెట్టరా?" అంది అంజలమ్మ, ఘనకార్యం చేసినట్టు. "దీనికి నొసలు ఎక్కడుండాదో తెలియలే. అందుకే కన్నులకే పెట్టినా."

మురుగన్ దర్శనానికి ఏటేటా పళని కొండెక్కే మనిషి అంజలమ్మ. ఈసారి మోకాళ్ళు మొరాయించాయి. అప్పట్నుంచీ సరిగా తినదు, ఎవరితోనూ మాట్లాడదు. ఆ అలక చూడలేకే పాప్పాత్తి, పక్క వీధిలో ఉండే పాత సిపాయి కరుప్పుసామిని బతిమాలి దుర్భిణి తెచ్చింది. కొండ కింద నిలబెట్టి అత్తకు గోపురం చూపించాలని ఆమె ఆశ. బస్సు రేపు పొద్దున్నే. అంత చేసినా అత్త నోట మెచ్చుకోలు రాలేదు. కోయంబత్తూరుకు సముద్రమైనా వస్తుందేమో గానీ అంజలమ్మ కోడలిని మెచ్చుకోదు.

ఇంట్లో దీపం బుడ్డి దగ్గర్నుంచి సైకిలు దాకా ఏది తుడవాలన్నా మిల్లులో పారేసే పత్తి వేస్టే. పాప్పాత్తి గుప్పెడు వేస్టు తీసుకుని అద్దం మీద పెట్టబోయింది.

"నిల్లు!"

గుమ్మంలో కరుప్పుసామి. దుర్భిణితో పాటు ఇవ్వడం మరిచిపోయిన దాని తోలు పటకా ఇచ్చిపోదామని వచ్చాడు. అద్దాలు చూసి ఆయన ముఖం కుంకుమకన్నా ఎర్రబడింది.

"పంజు మెత్తనే కదా మామా!" అంది పాప్పాత్తి, చేతిలోని పత్తి చూపిస్తూ.

"మెత్తనే. దాంట్లో గింజ పెంకు ఉంటాది, కుంకంలో నలుసు ఉంటాది. రుద్దితే గీతలు పడతాయి. ఆ గీతలు మురుగనే దిగొచ్చినా పోవు. రుద్దకూడదు, ఊదాలి!"

"మోరు తాగుతావా తంబీ?" అంటూ అంజలమ్మ మజ్జిగ చెంబు అందించింది. ఆ గొడవతో తనకేం సంబంధం లేనట్టు!

ముసలాయన చేతులు వణుకుతాయి. అందుకని ఆయన చెప్పాడు, పాప్పాత్తి చేసింది. అద్దాలను నేలవైపు వంచి, ఉమ్మి పడకుండా ఊదింది. మెత్తని బ్రష్షుతో తాకీ తాకనట్టు పొడి రాల్చింది. ఉతికి ఉతికి పలచబడ్డ మల్లు గుడ్డ కొసను కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపింది. నీళ్ళు గుడ్డకే గానీ అద్దానికి పోయకూడదట. నడుమ నుంచి అంచుకు మెల్లగా సున్నాలు చుడుతూ, గుడ్డ మార్చి మార్చి తుడిచింది. తెగిన నూలు అతికే వేళ్ళు కదా, బరువు పడలేదు. చివర్న "హా" అని ఆవిరి పట్టి పొడిగుడ్డతో అద్దింది. కరుప్పుసామి వెలుతురుకు పెట్టి చూసి, తల ఊపి మజ్జిగ తాగాడు. గండం గడిచింది.

మర్నాడు కొండ కింద అంజలమ్మ దుర్భిణి ఎత్తింది.

"ఏమీ తెలియలేదే. అంతా పొగ!"

పాప్పాత్తి పై ప్రాణాలు పైనే పోయాయి. గీత పడిందా? నడుమనున్న చక్రం తిప్పింది.

అంజలమ్మ నోరు తెరుచుకుంది. "వచ్చినాడే! గోపురం మీద పావురం కూడా తెలుస్తా ఉండాదే!" అంది, కన్నీళ్ళు కారుతుంటే. మరుక్షణమే గొంతు పెంచింది. "చూసినావా? నేను బొట్టు పెట్టినందుకే ఇంత దగ్గరికొచ్చినాడు!"

అంతటితో ఊరుకుందా? మొలన దోపుకున్న విభూది పొట్లం విప్పి, వేలు అద్దం వైపు చాచింది. పాప్పాత్తి చటుక్కున దుర్భిణి లాక్కుని వీపు వెనక దాచి, తన నొసలు ముందుకు వంచింది.

"పెట్టేదుంటే ఇక్కడ పెట్టండి అత్తా!"

అంజలమ్మ ఆమె వంక ఎగాదిగా చూసింది. "సరే. నన్ను ఇంత దూరం తెచ్చిన మిషను నువ్వే కదా" అని నొసలంతా విభూది పూసింది.

ఆ మాటకు పాప్పాత్తి కళ్ళు నిండాయి. పైగా విభూది రాలి కంట్లో పడింది. నలుపుకోబోతే అత్త చెయ్యి పట్టి ఆపింది.

"రుద్దకూడదే, ఊదాలి!" అంటూ కోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా ఊదింది.