ఎండ తిన్న పిల్ల

శనివారం వచ్చిందంటే తబితా పంతులమ్మకు కాలు ఒకచోట నిలవదు. అమీర్‌పేటలో ఇంటి తలుపు దగ్గరకేసి, పంజాగుట్ట బడిలో పిల్లల్ని వరస కట్టించి, సోమాజిగూడ, లక్డీకాపూల్ మీదుగా బాగేఆం తోటకు నడిపించుకుపోయేది. నల్లబల్ల మీద గీసిన ఆకును చూస్తే కూలోళ్ల పిల్లలకు ఏం తెలుస్తుంది? ఆకును చేతికివ్వాలి.

జర్మనీ యుద్ధం రోజులు. జొన్నలు దొరకడమే గగనం. పిల్లలు ఖాళీ కడుపులతోనే నడిచేవాళ్లు.

ఒక శనివారం తోటలో నేరేడు చెట్టు దగ్గర చెప్పింది. "చెట్టుకు ఆకే వంటిల్లు. వేరు నీళ్లు తెస్తది, ఆకు గాలి పట్టుకుంటది, ఎండే పొయ్యి. దాని బువ్వ అదే వండుకుంటది."

"మనం సుత వండుకోరాదా, పంతులమ్మా?" అంది పోచమ్మ. తట్టలు మోసే రుద్రమ్మ బిడ్డ అది.

"ఆకుల పచ్చదనం ఉన్నది. మనకు లేదు కద బిడ్డా."

పోచమ్మ నీడలోంచి జరిగి, ఎండలో అరచేతులు చాపి నిలబడింది. పాఠం అయ్యేసరికి చేతులు చిగురాకుల్లా పచ్చబడ్డాయి. తబితా వాటిని తిప్పి చూసి, "మంచిగ విన్నవ్" అని, వేర్ల పాఠం మొదలుపెట్టింది.

ఆనాటినుంచి పోచమ్మ ఇంట్లో అన్నం అడగలేదు. తల్లులు బడి వాకిట్లో మూగారు. "మా పోరలకు సుత జర గా పాఠం చెప్పు, పంతులమ్మా." తబితా మళ్లీ మళ్లీ చెప్పింది. పాఠం అందరికీ నోటికొచ్చింది గాని, ఇంకెవరి చేతులూ రంగు మారలేదు. బువ్వ పెట్టే పని తప్పించడానికా తను చదువు చెప్పింది? ఆమె మనసు కుదురుగా లేకపోయింది.

ఇంతలో సోమాజిగూడ బంగ్లా దొరసాని రుద్రమ్మకు కబురంపింది. తిండి అక్కర్లేని పనిపిల్ల ఎవరికి చేదు?

"తోలకు రుద్రమ్మా. దానికి చదువు వస్తున్నది," అని తబితా బతిమాలింది.

"నువ్వు నేర్పబట్టే గద అడుగుతున్నరు," అంది రుద్రమ్మ తల వంచుకొని. పిల్లను తోలేసింది.

శనివారం రాగానే తబితా పిల్లల వరసను తోటకు పోనీయకుండా బంగ్లా పెరట్లోకి మళ్లించింది. కిటికీ లేని వంటింట్లో పోచమ్మ గిన్నెలు తోముతోంది. చేతులు రాయి కింది గడ్డిలా పాలిపోయాయి. ఒళ్లంతా వాకిలి దిక్కు ఒంగిపోయి ఉంది.

"చీకట్ల పెట్టిన మొలక సుత గిట్లనే ఒంగుతది," అన్నాడొక పిల్లాడు.

"మీరే తీసుకపోండి," అని దొరసాని విసుక్కుంది. "పొయ్యి దిక్కు తిప్పి కూసోబెడితే మళ్ల వాకిలి దిక్కే వాలుతది. దీనితోని ఏం పనైతది?"

తబితా పోచమ్మను ఇంటికి చేర్చింది. రుద్రమ్మ తన బిడ్డ చేతుల్ని చూసింది, తడిమింది.

"గిది నాలుగు గోడల నడుమ బతికేది కాదు, పంతులమ్మా. దీన్ని ఎంత దూరం చదివిస్తవో చదివియ్యి. పనికి మాత్రం తోలను."

పోచమ్మ వాకిట్లో ఎండలోకి పోయి కూర్చుంది. రుద్రమ్మ పొయ్యి మీదున్న ఒక్క రొట్టెను విరిచి, సగం బిడ్డ కోసం మూతపెట్టింది. పొద్దుగూకినంక దానికి ఎండ ఎక్కడిది?